దుబాసీ నోటుబుక్కు

బల్లారట్ ఆసుపత్రిలో తెలుగు దుబాసీని నేనొక్కణ్ణే.
గాలి ఎముకలు లెక్కపెట్టే ఊరు.
ఒక్కో బుకింగు నలభై ఐదు నిమిషాలు.
కలపకూడదు, తీసెయ్యకూడదు.
ఎవరు మాట్లాడితే వాళ్ళ "నేను" నేనే అయిపోవాలి.

అంచేత ఇంత మీసం పెట్టుకుని
పొద్దున్న తొమ్మిదిన్నరకి
"నా గర్భసంచి కిందికి జారినట్టుంది" అన్నాను, ఇంగ్లీషులో.
డాక్టర్ హార్ట్‌లీ నవ్వలేదు.
ఇంగ్లీషు ముక్క రాని పైడితల్లి
ఎర్రబడ్డ నా చెవులు చూసి నవ్వింది.

కోళ్ళ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు ఆమెది.
డ్యూటీ దిగి నేరుగా వచ్చింది, జుట్టు మీద వల తియ్యకుండానే.

"సలుపుతంది బాబూ. ఉండుండి పోటు.
నడుం పీకుడు. లేస్తే కలుక్కుమంటాది."
నాలుగు నొప్పులు.
ఇంగ్లీషు చేతిలో ఉన్నది ఒకటే సంచి.
సున్నా నుంచి పది దాకా ఒక అంకె చెప్పమంది డాక్టరు.
"సలుపుకి ఆరు. పోటుకి తొమ్మిది.
పీకుడికి అంకెందుకు, అది మా ఇంటి చుట్టం."

ఇంకోసారి, ఒంట్లో వేడి చేసిందంది.
థర్మామీటరు పెట్టారు. ముప్పై ఆరు పాయింట్ ఎనిమిది.
"జ్వరం లేదు."
"జ్వరమని ఎవులన్నారు?"
ఇద్దరూ నావైపు చూశారు.
కలపకూడదు, తీసెయ్యకూడదు.

బస్టాపులో రాసుకుంటాను, రెండు డాలర్ల నోటుబుక్కులో.

నెగెటివ్: మంచి కబురు.
పాజిటివ్: ముందు కుర్చీ చూపించి, తర్వాత చెప్పాల్సింది.
బినైన్: నిరపాయకరం అంటుంది నిఘంటువు.
ఆ మాట అన్న మనిషిని నేనింతవరకూ చూడలేదు.
కొట్టేసి రాశాను: ఉంది గానీ, ఊరుకుంటుంది.
ఇడియోపతిక్: కారణం తెలియనిది.
"తెలియదనడానికి అంత పొడుగు మాటెందుకు?"
అన్నాడు ఊపిరితిత్తుల వార్డులో ఒకాయన.
అదీ ఇంగ్లీషు చేశాను.
డాక్టరు నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది.
బయాప్సీ: ముక్క తీసి చూడటం.
ముక్క అనగానే ఉలిక్కిపడుతున్నారని
చిటికెడు అని దిద్దుకున్నాను.
"ముక్కే అను, పర్లేదు" అంది పైడితల్లి,
"నేను రాత్రికి నాలుగువేలు కొడతాను."

"మ" పేజీలో ఒక మాట ఉంది.
దాని ఎదుట ఆరేళ్ళుగా ఖాళీ.

మూడు వారాల తర్వాత, గురువారం.
డాక్టరు బల్ల ఇవతలికి వచ్చి కూర్చుంది.
కంప్యూటరు తెర అటు తిప్పేసింది.
ఒక వాక్యం చెప్పింది. చిన్నదే.

ఆ వాక్యం చివరికీ, తెలుగులో నా మొదటి అక్షరానికీ నడుమ
మూడు సెకన్లు ఉంటాయేమో.
అంతసేపూ ఆ గదిలో
పైడితల్లి కడుపులో ఏముందో
పైడితల్లికి తప్ప అందరికీ తెలుసు.
గోడ మీద గర్భసంచి బొమ్మ, గులాబీరంగుది, దానికీ తెలుసు.

ఖాళీలో పెట్టడానికి మాట వెతుకుతున్నాను.
చెడ్డది. ముదిరేది. పాకేది.
ఊరుకోనిది.

ఆమె నా నోటివైపు చూడటం లేదు,
ముఖం చదువుతోంది,
చదివేసింది.

చెప్పాను. నా గొంతులోనే, డాక్టరు "నేను"గా:
"నన్ను క్షమించండి. నాకు చాలా బాధగా ఉంది."

పైడితల్లి చాలాసేపు ఏమీ అనలేదు.
జేబులో వల తీసి, మడిచి, మళ్ళీ జేబులో పెట్టుకుంది.
అప్పుడంది:
"గొంతేటి అలాగైపోనాది బాబూ, జలుబా?"

గదిలో పలికిన ప్రతి మాటా దాటించాలి.
డాక్టరు వైపు తిరిగి అడిగాను,
మీ గొంతు అలా అయిపోయిందేం, జలుబు చేసిందా అని.

డాక్టర్ హార్ట్‌లీ చెయ్యి మెడ మీదకి పోయింది.
ఆమెనీ నన్నూ మార్చి మార్చి చూసింది.
"లేదు," అంది, "బాగానే ఉన్నాను."

నేను పైడితల్లి వైపు తిరిగాను.
"లేదు," అన్నాను, "బాగానే ఉన్నాను."